హారన్ నూకరాజు

నూకరాజని ఒకడుండేవోడండి లంకలపాలెంలో. ఉండేవోడేంటి, ఇప్పుడూ ఉన్నాడు, కొబ్బరి దింపు పని మానేసి మోకాళ్ళు పట్టుకుని కూకుంటున్నాడు, అంతే. ఈ నూకరాజు ఎవరంటే నాటకాల కామేశంగారికి అభిమాని. అభిమానంటే మీరనుకునే అభిమాని కాదు. కామేశంగారు రాజు ఏసం కట్టి ఏ ఊళ్ళో స్టేజీ ఎక్కినా సరే, చెట్టు దిగినోడు దిగినట్టే సైకిలేసుకుని ఎల్లిపోయి ముందు వరసలో చాప మీద కూకునేవోడంట. జేబులో చిన్న గుడ్డసంచి, అందులో పటికిబెల్లం, మిరియాలు. తెర ఎనక్కెల్లి "గురువుగారూ, గొంతులోకండి" అని చేతిలో పెట్టేవోడు. ఆయన నోట్లో ఏసుకుని, నూకరాజు భుజం తట్టి, అప్పుడు స్టేజీ ఎక్కేవోరు. ఆ తట్టిన భుజం మీద మర్నాడు కాయల మోపు పెట్టేవోడు కాదంటండి, రెండో భుజం మీద పెట్టుకునేవోడు. అలాంటి పిచ్చి. నవ్వకండి, మీకూ ఉంటాయి పిచ్చిలు.

మరి ఆ రోజుల్లో పద్దెం బాగుంటే జనం వన్సుమోరు అని అరిచేవోరు, ఆయన మళ్ళీ పాడేవోరు, అది తెలిసిందే. అయితే మన ఏపు ఒక కట్టుబాటుండేది. మొదటి వన్సుమోరు నూకరాజుది. పద్దెం అవ్వాలి, రాగం పైకెల్లి కిందకి దిగాలి, కామేశంగారు ఎత్తిన చెయ్యి దించాలి, అప్పుడు నూకరాజు లేచి తువ్వాలు గిరగిరా తిప్పి "వన్సుమోర్" అని ఒక్క కేక పెట్టాలి. ఆ తరవాతే ఎవడైనా. రాగం అవ్వకుండా మధ్యలో అరిచినోణ్ణి మనిషికింద లెక్కేసేవోరు కాదు, తింటున్నోడి ఎదర విస్తరి లాగేసినట్టే అనుకోండి. నూకరాజుకి పొలం లేదు, పుట్ర లేదు, పంచాయితీలో పిలిచి కుర్చీ ఏసేవోడు లేడు. ఆడికున్న ఆస్తల్లా ఆ మొదటి కేక. ఇది బాగా గుర్తెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

ఏమైందంటే, కామేశంగారు పెద్దోరైపోయారు, ఏసం కట్టడం తగ్గించేశారు. అప్పుడు అభిమాన సంఘం వోళ్ళు, మనూరోళ్ళూ ఈదరపేటోళ్ళూ కలిసి, ఆయన్ని లాంచీ ఎక్కించి పాపికొండలు తీసుకెల్దారని అనుకున్నారంట. ఎందుకంటే ఆయనకి పేరు తెచ్చింది గోదారి పద్దెం. రాజ్యం పోగొట్టుకున్న రాజు ఏరు దాటి అడవికెల్లిపోతా గోదారికి చెప్పుకునే పద్దెం. చివర్లో "అమ్మా గోదారీ" అంటాడు, ఆ అమ్మా దగ్గర రాగం లేస్తది చూడండి, పందిరి రాటలు కూడా ఊగేవంటారు. ఆ పద్దేన్ని గోదారి మీదే, కొండల మజ్జన, ఆయన నోట ఇనాలి. అదీ కోరిక. ఇక హడావిడి చూడాలి! అందరికీ పసుప్పచ్చ చొక్కాలు, చొక్కా మీద కామేశంగారి బొమ్మ, కిరీటంతో సహా. ఆడోళ్ళకి అదే పసుపు చీరలు. లాంచీ పేరు కనపడకుండా ముందంతా బ్యానరు కట్టేశారు. మైకులో ఆయన పద్దేలు తప్ప ఇంకోటి ఏయకూడదు. పులిహోరకి కూడా రాజుగారి పులిహోరని పేరెట్టారంటే ఇంకేం చెప్పను.

నూకరాజు ఏమనుకున్నాడు? కామేశంగారి పక్క కుర్చీ నాదే అనుకున్నాడు. ఇంకెవడిది అవుద్ది? తెల్లారకుండానే తలంటుకుని, కొత్త గుడ్డసంచి కుట్టించుకుని, పోలవరం రేవులో లాంచీ ఎక్కి పైకెల్లి చూశాడంట. చూస్తే ఆ కుర్చీలో గవరయ్య! గవరయ్యంటే ఈదరపేటలో సోడాకొట్టు గవరయ్య. ఆడూ అభిమానే, కాదన్ను, కానీ నూకరాజు ఎనకాల ఎప్పుడో ఒచ్చి చేరినోడు. ఆడి ఒళ్ళో ఓ ఎర్ర ఫ్లాస్కు. కామేశంగారు చెయ్యి చాపడం ఆలీసం, మూత తీసి ఏణ్ణీళ్ళు పోసి ఇస్తన్నాడు. ఈయన తాగి, ఆడి చెవిలో ఏదో చెప్పి నవ్వుతున్నారు. నూకరాజు కుర్చీలు తప్పించుకుంటా ఎలాగో దగ్గరికెల్లి "గురువుగారూ, గొంతులోకండి" అని సంచి విప్పాడు. ఆయనేమన్నారు? "ఇప్పుడొద్దురా నూకరాజూ, దగ్గరే ఉంచుకో" అన్నారు. భుజం తట్టలేదు. తట్టలేదండి! ఆ పటికిబెల్లం ముక్క చేతిలోనే ఉండిపోయింది, అరచెయ్యంతా జిగురు. అక్కణ్ణించి ఎల్లి సరంగు గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు, సరంగంటే లాంచీ నడిపేవోడన్నమాట. అక్కడ నిలబడి ఆ ఫ్లాస్కుకేసి చూడ్డం మొదలెట్టాడు. గోదారి చూళ్ళేదు, కొండలు చూళ్ళేదు, టిఫిను తింటా ఏం తింటున్నాడో చూళ్ళేదు. కడుపులో కుంపటి రాజేసినట్టు ఒకటే మంట. ఆ మనిషికి ఏణ్ణీళ్ళు ఇయ్యడానికి నేను లేనా, నా చేతులు పడిపోయినియ్యా, అని.

ఇంతలో కామేశంగారు మైకు పట్టుకున్నారు. హార్మనీ మొదలైంది. చిన్న పద్దెం ఏదో ఎత్తుకున్నారు, గొంతు కాస్త బొంగురుగా ఉన్నా పాట కమ్మగానే ఉంది. సరిగ్గా రాగం లేవబోయే ముందు, పక్కనున్న గవరయ్య లేచి "వన్సుమోర్!" అన్నాడు. రాగం అవ్వకుండా! పసుపు చొక్కాలన్నీ ఆడితో పాటు గోల. కామేశంగారు నవ్వి మళ్ళీ మొదటికొచ్చి, చివర హార్మనీకొదిలేసి దణ్ణం పెట్టేశారు. జనం చప్పట్లు. రెండో పద్దేనికీ అంతే. నూకరాజుకి తల గిర్రున తిరిగింది. ఫ్లాస్కు లాక్కున్నాడు, కుర్చీ లాక్కున్నాడు, ఆఖరికి నా కేక కూడా లాక్కున్నాడు, అదీ కట్టు తప్పి! గవరయ్యని చెయ్యట్టుకుని ఓ పక్కకి లాగి "ఏరా, నీకు సిగ్గుందా? మొదటి కేక ఎవరిది?" అన్నాడంట. గవరయ్య మెల్లిగా "నూకరాజూ, నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కరోజుకీ నాకొదిలెయ్" అన్నాడు. "ఈ ఒక్కరోజే కదరా ఉంది! ఆయన మళ్ళీ పాడతారో లేదో, ఇంకెప్పుడు అరవను నేను?" అని నూకరాజు. చూడండి, నిజంగా ఏడుపొచ్చేసింది ఆడికి, మీసాలున్న మనిషికి. గవరయ్య ఏదో చెప్పబోయి, కామేశంగారికేసి చూసి, నోరు మూసుకుని ఎల్లిపోయాడు. అదింకా మండింది నూకరాజుకి. ఆళ్ళిద్దరి మజ్జనా నాకు తెలియందేదో ఉంది, అని.

భోజనాలయ్యాయి. పనసపొట్టు కూర తిని సగం మంది కునుకులు తీస్తన్నారు. కొండలు దగ్గరికొచ్చేశాయి, గోదారి సన్నబడింది, ఎండ కూడా మెత్తబడింది. సంఘం సెక్రట్రీ మైకులో "ఇప్పుడు గోదారి పద్దెం!" అన్నాడు. అందరూ లేచి కూకున్నారు. నూకరాజు ఏం చేశాడో ఇనండి. ముందుగా జనంలోకెల్లి ఒక్కొక్కడికీ చెప్పాడు, "ఈ పద్దెంలో రాగం అయ్యేదాకా ఎవడు నోరెత్తినా గోదాట్లో ముంచేస్తాను" అని. ఆడి మొహం చూసి అందరూ సరేనన్నారు. తరవాత గవరయ్య దగ్గరికెల్లి, "మీ ఇంటావిడ కింద కళ్ళు తిరిగి పడిపోయిందంట, నిన్ను పిలుస్తుంది" అన్నాడు. అబద్ధం! ఆవిడ కింద శుబ్బరంగా తమలపాకులు నవుల్తుంది. గవరయ్య మొహం పాలిపోయింది. కామేశంగారికేసి చూశాడు, మెట్లకేసి చూశాడు, ఆ ఫ్లాస్కు నూకరాజు చేతుల్లో పెట్టి "ఇప్పుడే ఒస్తాను, నేనొచ్చేదాకా మొదలెట్టొద్దను" అని పరిగెత్తాడు. నూకరాజు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఫ్లాస్కు గుండెకి ఆనించుకుని సరంగు గది గుమ్మంలో నిలబడ్డాడు, పెళ్ళికొడుకల్లే.

కామేశంగారు పద్దెం ఎత్తుకున్నారు. ఎత్తుకుని, పక్కకి చూస్తే గవరయ్య లేడు. నూకరాజు ఉన్నాడు, ఫ్లాస్కు పట్టుకుని, చెవులప్పగించి, మొహమంతా నవ్వు చేసుకుని. ఆయన ఒక్క క్షణం అలా చూసి పాడుకుంటా పోయారు. ఒక్కో మాటా రాజు మాట్టాడినట్టే ఉంది. ఆడోళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. లాంచీలో ఒక్కడు కదిలితే ఒట్టు, నూకరాజు భయం అలా ఉంది మరి. "అమ్మా గోదారీ" దగ్గరికొచ్చారు. చెయ్యెత్తారు. చెయ్యెత్తి జనంకేసి చూశారు, ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని. ఎవరూ అన్లేదు. మళ్ళీ నూకరాజుకేసి చూశారు. ఆ చూపు అభిమాని మీద పడే చూపు కాదంట. చెట్టు మీంచి కాలు జారినోడు చూసే చూపంట, నూకరాజుకి అది బాగా తెలుసు. ఇక తప్పక "అమ్మా" అన్నారు. అనేసరికి ఆ "మ్మా"లో చిన్న జీర పడింది. ఎవరికీ తెలీలేదు. ఆ పద్దేన్ని ఆయన ఊపిరితో సహా కంఠతా పట్టినోడికి తెలిసింది. పైన గొంతు లేదు. పగిలిపోద్ది. అప్పుడు తెలిసింది ఆడికి గవరయ్య ఎందుకు మధ్యలో అరిచాడో, ఏణ్ణీళ్ళెందుకో, దణ్ణమెందుకు పెట్టాడో. వన్సుమోరని అరుద్దారని నోరు తెరిచాడు, ఆడి నోరూ పెగల్లేదు. ఎనక్కి తిరిగి, సరంగు నెత్తి మీద ఏలాడే హారన్ తాడు రెండు చేతుల్తో పట్టుకుని ఏలాడిపోయాడు.

భోంయ్‌మని లేచిందండి హారను! రెండేపులా కొండలు, ఆ కొండా ఈ కొండా పట్టుకుని ఇసురుకున్నాయి దాన్ని. కొంగలన్నీ లేచిపోయాయి. పిల్లలు చెవులు మూసుకున్నారు. సరంగు ఈపు మీద గుద్దుతున్నా తాడొదల్లేదు. కామేశంగారు నోరు తెరిచే ఉన్నారు, ఎత్తిన చెయ్యి గాల్లో రాగానికి తగ్గట్టు తిరుగుతానే ఉంది, మెల్లిగా దిగింది. చెయ్యి దిగింది చూసి అప్పుడొదిలాడు తాడు. అప్పటికి ఆయన దణ్ణం పెట్టేసి కూకున్నారు. ఇక జనం! "కుళ్ళుబోతు ఎదవా, ఆ గవరయ్య మీద ఏడుపుతో పద్దెం పాడు చేస్తావురా" అని తలో చెయ్యీ ఏశారు. కొత్త చొక్కా చిరిగి, కిరీటం ఒకేపు, మొహం ఒకేపు అయిపోయింది. నూకరాజు ఒకటే మాట, "చెయ్యి జారిందండి" అని. గవరయ్య మెట్లెక్కి పైకొచ్చి, కామేశంగారి మొహం చూసి, నూకరాజు మొహం చూసి, కింద పడ్డ ఫ్లాస్కు ఏరుకున్నాడు.

సాయంత్రం రేవులో దిగేటప్పుడు, గట్టుకేసిన బల్ల మీద నడవాలి కదా, కామేశంగారు అందర్నీ తప్పించుకుని నూకరాజు భుజం పట్టుకున్నారంట. ఆ భుజమే. దిగుతా దిగుతా, "గొంతు పోయిందని డాక్టరు చెప్పాడ్రా. ఎవడో ఒకడు సాయం కావాలి, గవరయ్యకి చెప్పాను. నీకు చెప్పలేకపోయాను. నీ చెవుల్లోనన్నా నా గొంతు అలాగే ఉండాలని" అన్నారంట. నూకరాజు ఆ పటికిబెల్లం ముక్క, జేబులో కరిగిపోయి గుడ్డకంటుకుపోయినదే, పీకి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన నోట్లో ఏసుకున్నారు.

ఆ తరవాత కామేశంగారు మళ్ళీ పాళ్ళేదు, పోయారు కూడా. ఇప్పటికీ ఏడాదికోసారి ఆ పసుపు చొక్కాలేసుకుని సంఘం వోళ్ళు కూకుంటారు, లాంచీ ముచ్చట్లు చెప్పుకుంటారు. పులిహోర దగ్గర మొదలెట్టి హారను దగ్గరికొస్తారు. "ఆయన ఆఖరి రాగం, మన చెవిన పడకుండా చేశాడు ఈడు" అని నూకరాజుని తిడతారు. హారన్ నూకరాజనే పేరు స్థిరపడిపోయింది. పిల్లలు కూడా ఆడు కనబడితే భోంయ్ అంటారు. జనంలో ఆడు నోరిప్పడు. తిట్లకి కూడా ఏమీ అనుకోడంట. ఒకే ఒక్క దానికి, అదీ నా దగ్గరే, ఏడుస్తాడు, "చెప్పుకోడానికి గవరయ్య దొరికాడు గానీ నేను పనికిరాకపోయాను" అని. ఆ ఎర్ర ఫ్లాస్కు గవరయ్య కొట్లో అద్దాల బీరువాలో ఉంటది, అటేపెల్లాల్సొస్తే నూకరాజు ఊరంతా చుట్టూ తిరిగెల్తాడు.

మరి ఇదంతా నీకెలా తెలుసంటారు, అంతేనా? నూకరాజు ఏడ్చింది కొంత, మిగతాది గవరయ్యే చెప్పాడండి, సోడా కొట్టి చేతికిస్తా. ఆ బల్ల మీద ఆళ్ళిద్దరి ఎనకాలే సంచులు పట్టుకుని దిగాడు కదా, అన్నీ ఇన్నాడు. చెప్పి చెప్పి ఏమన్నాడంటే, "ఆయన నాకు రోగం చెప్పుకున్నారు, ఏణ్ణీళ్ళు పోయించుకున్నారు. ఆ చెవుల మాట మాత్రం నూకరాజుతో అన్నారు. ఒక్కనాడన్నా నాతో అలాంటి మాటనలేదు" అని, గోలీ బిగుసుకుపోయిన సోడాని టక్కుమని కొట్టాడు, చొక్కా తడిసిపోయింది నాది. ఎవడి కుంపటి ఆడిదేనండి. నూకరాజు ఆ ఫ్లాస్కు కోసం కుళ్ళిపోతన్నాడు, గవరయ్య ఆ మాట కోసం కుళ్ళిపోతన్నాడు. ఇంతకీ నిజం చెప్పనా, ఆ లాంచీలో నన్ను ఎక్కించుకోలేదండి, చోటు లేదన్నారు. ఆళ్ళిద్దర్నీ చూస్తే నాకూ మండుద్ది. పోండి, ఇక పడుకోండి.