ఏడున్నర గారు దాటిన గీత

పందొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ నాలుగో తేదీ ఉదయం, కుడికాలు ముందు పెట్టాలో ఎడమకాలు ముందు పెట్టాలో తేల్చుకోలేక, రెండు కాళ్లతోనూ ఒకేసారి గెంతి మన బ్యాంకు గుమ్మం దాటిన యువకుడే, నేడు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్న మన ఋణ విభాగాధికారి గారు. అప్పు కోరి వచ్చినవారి క్రెడిట్ స్కోరు ఏడువందల యాభైకి ఒక్క అంకె తగ్గినా ఈ మహానుభావులు ఏనాడూ సంతకం చేసి ఎరుగరని, పక్క కౌంటరులో క్యాషియరుగా కూర్చుని కళ్లారా చూసినవాడిగా మీసం మీద చెయ్యి వేసి చెప్పగలను.

వారు చేరిన కొత్తలో స్కోరన్న మాటే లేదు. చొక్కా ఇస్త్రీని బట్టి, వెంట వచ్చిన పెద్దమనిషిని బట్టి అప్పు పుట్టేది. మొహం చూసి బొట్టు పెట్టే ఆ పద్ధతికి వారి మనసు లోలోపల రగిలిపోయేది. అందుకే స్కోరు వచ్చిన నాడు, "అంకెకి చుట్టాలుండరు!" అని పొంగిపోయి, ఏడువందల యాభై నిబంధనను తామే రాసి పైవారిచేత ఒప్పించారు. తిరస్కృతులైనవారు "మాకు ఏడున్నర పట్టింది" అని శనీశ్వరుణ్ణి తలుచుకుంటూ మెట్లు దిగేవారు. ఆ విధంగా వారికి ఏడున్నర గారన్న బిరుదు సంక్రమించింది.

"స్కోరంటే మీ ఆస్తి కాదు, జీతమూ కాదు. అన్న తేదీకి కడుతున్నారా, ఇచ్చిన పరిమితినంతా ఊడ్చి వాడేస్తున్నారా, కనబడ్డ బ్యాంకులోనల్లా అప్పడుగుతున్నారా, అంతే!" అని వారు కౌంటరులో చేసిన ప్రసంగం మా అందరికీ కంఠస్థం.

ఒకనాటి ఉదయం ఒక దర్జీ వచ్చింది. ఆమె ఏళ్లుగా అద్దెకు కుట్టుపని చేసుకుంటున్న గదిని యజమాని అమ్ముతున్నాడు. దాన్ని తనే కొనుక్కోవడానికి ఆమెకు అప్పు కావాలి. సాయంత్రం ఐదులోగా బ్యాంకు మాట రాకపోతే గది ఇంకొకరిది. ఆమె మిషను వీధిలోకి.

"ఆరువందల పన్నెండమ్మా," అన్నారు ఏడున్నర గారు.

"అదేంటి సార్! నేనెవరికీ బాకీ లేను. ఒక్క క్రెడిట్ కార్డుంటే, అదీ వద్దనుకుని ఎప్పుడో మూసేశాను."

"ఎలా మూశారు?"

"కత్తెరతో. నిలువునా రెండు ముక్కలు."

"కార్డు తెగితే ఖాతా తెగదమ్మా!"

"మా దగ్గర గుడ్డ తెగితే తెగినట్టే కదా సార్!"

మేమంతా నవ్వాం. వారు నవ్వలేదు. తెగిన కార్డు మీద ఏటేటా రుసుము పేరుకుపోయింది. హెచ్చరికలేమో ఆమె ఖాళీ చేసిన పాత ఇంటికి పోయాయి. ఆ రుసుము ఈ రోజే కట్టినా, స్కోరు కోలుకోవడానికి నెల పైమాటే.

"ముందు ఆ బాకీ కట్టేసి రండి," అని మాత్రం అన్నారు. ఆమె కట్టి, రసీదు చూపించి, ఆశగా నిలబడి, చివరికి కొట్టుకు వెళ్లిపోయింది. ఏడున్నర గారు ఆమె కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. నిబంధన పట్టుకుంటే ఒక బతుకు వీధిన పడుతుంది. కన్నీళ్లు చూసి వదిలేస్తే, ఇస్త్రీ చొక్కా చూసి అప్పిచ్చిన వాళ్లకీ తనకీ తేడా ఏముంది? మధ్యాహ్నం మూడున్నరకు చెప్పకుండా లేచి, ఆమె కొట్టుకు వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు.

అక్కడ ఒకాయన కోటు కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సాయంత్రం ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నాలుగింటికి ఇస్తానన్న కోటుకు ఇంకా చేతులే అతకలేదు; పొద్దంతా ఆమె బ్యాంకులోనే ఉంది మరి.

"అవుతుందా అక్కా?"

"నాలుగన్నాను కదా, కూర్చో అన్నా. నువ్వు తిరుగుతుంటే నా దారం మెలిపడుతోంది."

ఏడున్నర గారు మెల్లగా అడిగారు: "ఈవిడ ఎప్పుడైనా మాట తప్పిందా?"

"దర్జీల పరువు తీస్తుందండీ ఈవిడ! అన్న రోజుకే ఇచ్చేస్తుంది!"

దారం తెగింది. ఆమె పెదవి బిగించి మళ్లీ ఎక్కించింది. వారు గడియారం ముల్లునే చూస్తూ కూర్చున్నారు. నాలుగు కొట్టేసరికి కోటు ఆయన భుజాల మీద ఉంది. వారు లేచి తిన్నగా బ్యాంకుకు వచ్చి, ఆమె దరఖాస్తు మీద సంతకం చేసి మేనేజరు ముందు పెట్టారు.

"నిబంధన పెట్టింది మీరే కదండీ?" అన్నారు మేనేజరు. "రేపు ఆవిడ కట్టకపోతే?"

"నా పేరు రాసుకోండి."

"ప్రమోషన్ల జాబితా వెళ్లేది రేపే."

"తెలుసండీ."

"ఆవిడ మీకేమైనా చుట్టమా?"

"చుట్టమైతే సంతకం పెట్టేవాణ్ణి కాదండీ."

ఐదు కాకముందే గది యజమానికి కబురు వెళ్లింది. కనుక వారు ఏనాడూ అలా సంతకం చేసి ఎరుగరని మొదట నేను చెప్పిన మాట పచ్చి అబద్ధం. నాకు మీసమే లేదు కాబట్టి ఒట్టు దోషం అంటదు.

ఆ ఏటి జాబితాలో వారి పేరు లేదు. ప్రమోషన్ ఆలస్యంగానే వచ్చింది. దర్జీ ఒక్క వాయిదా తప్పలేదు, ఆమె స్కోరు ఏడువందల యాభై గీత దాటి పైకి పోయింది. గీత మాత్రం అలాగే ఉంది. కానీ దాని కింద ఉన్నవారిని కాదనే ముందు ఆ మనిషి పనిచేసే చోటుకు వెళ్లి చూడాలని ఏడున్నర గారే నిబంధనలో ఒక వాక్యం చేర్చారు. స్కోరు నిజంగా ముఖ్యమా అని అడిగితే వారిది ఒకటే జవాబు: "ముక్కూమొహం తెలియనివాళ్లకి అదే సాక్షి. కానీ సాక్షి మాట విన్నాక తీర్పు చెప్పాల్సింది మనమే."

ఇకపై వారికి మిగిలే అంకె రక్తపోటుది ఒక్కటే. అది మాత్రం ఎప్పుడూ తక్కువగానే ఉండి, మా వదినగారి చేత చీవాట్లు తింటూ వారు నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.

అన్నట్టు, ఆ కోటూ ఇంటర్వ్యూ నా కల్పన. ఆ సాయంత్రం ఆమె కుట్టినవి దిండు గలీబులు. వాటికోసం వచ్చినాయనకు ఏ తొందరా లేదు, మర్నాడిచ్చినా ఏమీ అనేవాడు కాదు. అయినా నాలుగింటికల్లా ఇచ్చేసింది.