అరవై రెండో నంబరు తలుపు

ఏదీ, ఆ విమానం బొమ్మున్న కాగితం ఇలా ఇవ్వు చూస్తాను. నా కళ్లద్దాలు ఆ కిటికీ గట్టు మీదున్నాయి, అందుకో. ఆఁ, ఇదే. పఫిన్. సముద్రపు పిట్ట పేరు పెట్టారు గానీ, పిట్టకున్న పాటి అందం కూడా లేదు పాపం దీనికి. ఏ నంబరంటావ్, అరవై రెండా? తోక పక్కన ఈ చిన్న తలుపా? కింద రాసే ఉందిగా, ‘పరిశీలన ద్వారం’ అని. ఏం పరిశీలించడానికంటే... అహహ, అదడిగావూ. కూర్చో జార్విస్ బాబూ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు కూర్చో. ఇంతింత విమానం బొమ్మలు చేసుకుంటూ పట్టకారుతో, జిగురుతో బతికేవాడివి, నీకు చెప్పక ఇంకెవరికి చెబుతాను. మా ఇంట్లో అందరికీ చెప్పీ చెప్పీ, నేను నోరు తెరవగానే లేచి గిన్నెలు కడగడానికి పోతున్నారు. ఒకందుకు అదీ మంచిదేలే.

బొమ్మ గీసింది మా ఆయనే. కింద మూలన చూడు, లయొనెల్ గార్‌సైడ్ అని చీమంత సంతకం. లండన్లో ఆ విమానాల వారపత్రికలో పనిచేసేవాడు. విమానం పొట్ట విప్పి లోపలున్నదంతా చూపించే బొమ్మలు, అదీ ఆయన ఉద్యోగం. మామూలు విమానాలు వేరేవాళ్లు గీసేవారు. తోక ముందుకొచ్చినవి, పైలట్ బోర్లా పడుకుని నడిపేవి, సత్తు గిన్నె మూతలా గుండ్రంగా ఉండేవి, ఎగురుతాయో లేదో చేసినవాడికే తెలియనివి, అలాంటివన్నీ ఈయన బల్ల మీదకే వచ్చేవి. ఇంట్లోనూ అదే రోగం. కేకు కోస్తే పావు వంతు తీసేసి, లోపల పొరలు అందరికీ కనపడేలా పళ్లెం తిప్పి పెట్టేవాడు. ఆదివారం మాంసం కోసేటప్పుడు ఎముక ఎటునుంచి ఎటు పోతోందో చెప్పందే ఎవరికీ వడ్డించేవాడు కాదు. ఈలోపు బంగాళాదుంపలు చల్లారిపోయేవి. మా అమ్మ ఓసారి అడిగింది కూడా, “అల్లుడూ, నన్ను చూసినప్పుడు కూడా పేగులే కనపడతాయా నీకు?” అని. ఈయన సీరియస్‌గా ఆలోచించి, “ఎడమవైపు నుంచి అయితేనే అత్తయ్యా” అన్నాడు. వారం రోజులు ఆవిడ ఈయనకి కుడివైపే కూర్చుంది.

ఏం చెబుతున్నాను? ఆఁ. ఒక నియమం ఉండేది ఆయనకి. కంటితో చూడనిది కాగితం మీద పెట్టడు. అదంతే. ఫ్యాక్టరీ వాళ్లు నక్షాలిస్తే మర్యాదగా తీసుకుని పక్కన పెట్టేవాడు. “నక్షాలో ఉండేది వాళ్లు చెయ్యాలనుకున్నది, నేను గీసేది వాళ్లు చేసింది” అనేవాడు. ఆ మాట మీద ఎన్ని విమానాల్లో దూరాడో. దూరేవాడంటే పాకేవాడే. మనిషి సన్నగా ఉన్నాడా అంటే అదీ లేదు. గోడ మీద ఫొటో చూశావుగా, పెళ్లినాటిది. అందులో ఉన్నది నేనూ ఆయనా. నువ్వనుకుంటున్నట్టు ముగ్గురు కాదు.

అప్పట్లో నేను ఇక్కడే, మన ద్వీపంలోనే, ట్రేల్ గారి విమానాల షెడ్డులో పని. ఇప్పుడక్కడ పడవలకి రంగులేస్తున్నారే, అదే షెడ్డు. రేకుకి రేకు కలిపే రివెట్లు కొట్టేదాన్ని. నేను పొట్టిగా ఉంటానని తోకల పనంతా నాదీ, నా జోడీ డిలిస్‌దీ. రివెట్ అంటే ఒక్క మనిషి పని కాదు బాబూ. బయట ఒకరు గన్ను పట్టుకుని కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనప దిమ్మ ఒత్తి పట్టుకోవాలి. అప్పుడే రివెట్ తల అణుగుతుంది. మధ్యలో రేకు అడ్డం, ఒకళ్ల మొహం ఒకళ్లకి కనపడదు. ఆ చప్పుడులో అరిచినా వినపడదు. అందుకని దిమ్మతో రేకు మీద కొట్టి చెప్పుకునేవాళ్లం. ఒక్క దెబ్బంటే బాగా వచ్చింది, ఇంకోదానికి పద. రెండంటే చాల్లేదు, మళ్లీ కొట్టు. మూడంటే పాడైపోయింది, పీకెయ్. డిలిస్‌కీ నాకూ నోటితో మాట్లాడుకునే అలవాటే పోయింది. టీ తాగేటప్పుడు కూడా బల్ల మీద కొట్టేది, రెండు, చక్కెర చాల్లేదని.

ఈ పఫిన్ ఉందే, ఇది ట్రేల్ గారి ప్రాణం. రెక్కలు రెండూ ఇంజన్లతో సహా పైకి తిరిగి నిలబడతాయి, అలా ఉన్నచోటు నుంచి నిట్టనిలువుగా లేస్తుంది. పైన మళ్లీ రెక్కలు పడుకుంటాయి. లేచేటప్పుడు మూతి నేలకి కొట్టుకోకుండా తోక చివర ఒక బుల్లి పంకా. ఫార్న్‌బరో విమానాల ప్రదర్శనలో దీన్ని ఎగిరించి చూపిస్తే సర్కారు వాళ్లు డబ్బిస్తారు, లేకపోతే షెడ్డు మూతే. అందరికీ తెలుసు. మా మేస్త్రీ పిల్‌బీమ్ రోజూ పొద్దున్నే గుర్తు చేసేవాడు, “ఏమర్రా పిల్లల్లారా, ఇది లేస్తే మనం ఉంటాం, లేవకపోతే శనగ డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగించుకుందాం” అని. ఆయనకి శనగలంటే అసహ్యం.

సరిగ్గా విమానం అక్కడికి బయల్దేరడానికి ముందురోజు, ఓడ దిగి వచ్చాడు లయొనెల్. ఊలు కోటు, దాని జేబుల నిండా పెన్సిళ్లు, కొలత టేపు, పొగాకు డబ్బా, కాగితంలో చుట్టిన, మాంసం కూరిన పై రొట్టె. అంతా తిరిగి చూశాడు, గీసుకున్నాడు. చివరికి తోక దగ్గర ఆగాడు. “లోపల పంకాకి వెళ్లే గొట్టం ఎటు వంగుతుంది?” అన్నాడు. ట్రేల్ గారు నక్షా చూపించారు. ఈయన నక్షా చూడనే లేదు, తోకలోకి పోయే సన్నటి రంధ్రం చూశాడు. పిల్‌బీమ్ ఈయన నడుము చూశాడు, రంధ్రం చూశాడు, నావైపు చూశాడు. “అందులోకి మా ఆల్మా వెళ్లి చూసొచ్చి చెబుతుంది బాబూ” అన్నాడు పాపం. “ఆవిడ చూస్తే ఆవిడ చూసినట్టు, నేను చూసినట్టెలా అవుతుంది?” అన్నాడు ఈయన. టోపీ తీసి నా చేతికిచ్చి, తల ముందు పెట్టి దూరాడు. అదే మొదటిసారి ఆయన నాకేమన్నా ఇవ్వడం, ఆ టోపీ. లోపలంతా ఎంత జిడ్డో.

కాసేపు పాకిన చప్పుడు. తర్వాత, “ఆ, కనపడింది, గొట్టం ఎడమకి వంగింది” అని సంతోషంగా గొంతు. ఇంకాసేపటికి, “మేస్త్రీ గారూ, మీ పొగాకు పైపు ఇక్కడుంది” అని. చూశావా, ఆ పైపు నేనూ డిలిసూ దాచేశామని రెండు నెలలు మమ్మల్ని సాధించాడు ఆ పెద్దమనిషి. నేను పిల్‌బీమ్ వైపు ఒక్క చూపు చూశాను, ఆయన షెడ్డు కప్పు వంక చూస్తూ ఈలేశాడు. ఆ తర్వాత లోపల కొంచెం గింజుకున్న చప్పుడు. తర్వాత చాలా మర్యాదగా, “క్షమించాలి, నేను ఇరుక్కున్నట్టున్నాను.”

లాగాం. ముందు బూట్లు వచ్చాయి. ఇంకా లాగితే ప్యాంటు వచ్చేలా ఉందని ఆపాం. వంటశాల నుంచి పందికొవ్వు తెచ్చి అందినంతమేర రాశాం, ఆయన మెరిశాడు తప్ప కదల్లేదు. ముందుకి పోయే దారి లేదు, వెనక్కి రానివ్వకుండా జేబులో పొగాకు డబ్బా చట్రానికి పట్టేసింది. రేకు కోస్తే తప్ప రాడు. కోస్తే రేపు విమానం బయల్దేరదు. ట్రేల్ గారు ఏం చేశారో తెలుసా? జేబులోంచి లెక్కల స్కేలు తీసి లెక్క మొదలుపెట్టారు. ఏంటండీ అంటే, “అదే... అదే... తోకలో అంత బరువుంటే... ఎగురుతుందేమోనని.” ఒట్టు. ఎగరదని తేలాక నిజంగానే నొచ్చుకున్నారు. లోపల్నించి ఈయన వింటున్నాడు. “కోయకండి, నేను తిండి మానేస్తాను, రేపటికి సన్నబడతాను” అన్నాడు. “జేబులో ఆ పై రొట్టె ఉందిగా” అన్నాను నేను. “అది ఇప్పుడే అయిపోయింది” అన్నాడు.

నవ్వకు. నవ్వు, పర్లేదు. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ట్రేల్ గారు విమానం చక్రం మీద కూర్చుండిపోయారు. ఆ తోక రేకు నేనే కొట్టాను బాబూ, ఒక్క రివెట్ తల పైకి లేకుండా, చెయ్యి వేసి రాస్తే గాజులా జారేలా. ప్రదర్శనకని రెండు వారాలు తోమాం. అయినా అన్నాను, రెండు చట్రాల మధ్య చదరంగా కోస్తే బలం పోదు, చుట్టూ పట్టీ వేసి రివెట్లు కొట్టి, పైన తలుపు బిగిద్దాం, మొదట్నుంచీ అక్కడ తలుపుందనుకుంటారు అని. ట్రేల్ గారు నన్నూ, తోకనీ చూశారు. “కొయ్యమ్మా” అన్నారు.

కోశాను. నా చేతి పని నేనే. రేకు ఊడి రాగానే లోపల ఏముందనుకున్నావ్? ఊలు కోటు. గోధుమరంగు. అంతకుమించి మనిషిలో ఏ భాగమూ కనపడలా. ఆ కోటే నాతో “నమస్కారం” అంది. చెయ్యి పెట్టి ఆ పొగాకు డబ్బా పీకేశాను, ఊపిరి పీల్చుకున్నాడు. అయితే ఇక పట్టీ కొట్టాలి. లోపల దిమ్మ పట్టే డిలిస్ ఏమో ఆ రోజు పన్ను పీకించుకోవడానికి పోయింది. మిగతావాళ్లెవరూ అందులో పట్టరు. “లోపల నేనున్నానుగా” అంది కోటు.

దెబ్బల భాష ఆ కంతలోంచే నేర్పించాను. ఒకటి బాగుంది, రెండు మళ్లీ, మూడు పీకు. సరేనన్నాడు. దిమ్మిచ్చాను. మొదటిది కొట్టాను. లోపల్నించి ఒక్క దెబ్బ. రెండోది కొట్టాను, ఒక్క దెబ్బ. మూడోది, బయట నాకు కనపడుతూనే ఉంది, దిమ్మ జారింది, రివెట్ పక్కకి పడుకుంది. ఆయనేమో ఒక్క దెబ్బే. నాలుగోది ఇంకా అన్యాయం. మళ్లీ ఒక్కటే. “అయ్యా, బాగాలేదు, మూడు కొట్టాలి” అని అరిచాను. “నాకు బాగానే ఉంది” అని గొంతు. వరసంతా కోడి నడిచినట్టు వచ్చింది. పీకి మళ్లీ కొట్టడానికి వేళ లేదు. తిడుతూనే కొట్టాను. ఎంత తిట్టినా లోపల్నించి ఒక్క దెబ్బ. చివరికొచ్చేసరికి తిట్టడం మర్చిపోయి ఆ దెబ్బ కోసం చూస్తున్నాను.

పనయ్యాక ఆ తలుపులోంచే బయటికొచ్చాడు. మొహమంతా మసి, జుట్టులో రేకు పొట్టు, ఒళ్లంతా పందికొవ్వు. టోపీ అడిగి తీసుకుని, తల మీద పెట్టుకుని, మళ్లీ తీసి నమస్కారం పెట్టి ఓడెక్కి పోయాడు.

ఎగిరింది, ఎగిరింది. తర్వాతి రోజే బయల్దేరింది, ఫార్న్‌బరోలో నిట్టనిలువుగా లేచింది, జనం టోపీలు విసిరారట. ఎవరో పెద్ద అధికారి వచ్చి ఈ తలుపెందుకు అన్నాడట. “పరిశీలనకి” అన్నారు ట్రేల్ గారు. “మంచి ఆలోచన” అని ఆయన భుజం తట్టి పోయాడట. దాంతో మా నక్షాల గదివాళ్లు ఏం చేశారు? రెండో పఫిన్‌కి కూడా అదే చోట, అదే కొలతతో తలుపు పెట్టేశారు. లయొనెల్ నడుము కొలతన్నమాట. ఎందుకని ఎవడూ అడగలేదు. రెండేళ్లు షెడ్డు నడిచింది. తర్వాత సర్కారు డబ్బు ఆపేసింది, రెండింటినీ కరిగించేశారు. నీ ఇంట్లో టీ కెటిల్ ఉందే, అది పఫిన్ కాదని ఏమిటి నమ్మకం?

ఈ బొమ్మ మాత్రం మిగిలింది. పత్రిక రాగానే పిల్‌బీమ్ తెచ్చి చూపించాడు. గొట్టం ఎడమకే వంగింది. ఎక్కడి మర అక్కడే. తలుపు దగ్గరికొచ్చాను. చూడు, నువ్వూ చూడు, భూతద్దం పెట్టుకో. తలుపు చుట్టూ రివెట్లు. దారం పట్టి కొట్టినట్టు ఎంత తిన్నగా ఉన్నాయో. నాకు ఒళ్లు మండింది. చూడనిది గీయనని ఊరంతా చెప్పుకునే మనిషి, తను చేతులారా వంకర చేసినవాటిని తిన్నగా గీస్తాడా? శనివారం ఓడెక్కి, రైలెక్కి, లండన్ పోయాను. పోట్లాడ్డానికే బాబూ, నవ్వు ఆపు. వాలు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పత్రిక ఆ బల్ల మీద పరిచి, “మీ నియమం ఏమైంది?” అన్నాను. ఆయన కాసేపు ఆ రివెట్లు చూశాడు, కాసేపు నన్ను చూశాడు. “నాకు కనపడినట్టే గీశాను” అన్నాడు. అని, పెన్సిల్ వెనక్కి తిప్పి, బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

అంతే. ఏముంది, చేసుకున్నాను. నేను మాడ్చిన రొట్టెకీ ఒక్కటే, మా అమ్మాయి గీసిన గీతలకీ ఒక్కటే. రెండు కొట్టడం ఎన్నేళ్లయినా రాలేదు ఆ మనిషికి. చివరి రోజుల్లో, ఆసుపత్రిలో ఆయనకి మాట పడిపోయాక, ఈయన వేలు వణుకుతోందని నర్సమ్మ రాసుకుంటోంది. వణుకు కాదమ్మా అన్నాను. మంచం కమ్మీ మీద నేనూ ఒకటి కొట్టాను.

ఆఁ? నీ బొమ్మ మీద ఆ రివెట్లు తిన్నగా పెట్టాలా, వంకరగా పెట్టాలా అంటావా? నీకు కనపడినట్టే పెట్టు.

జిగురు మూత తీసి వచ్చుంటావ్ ఇంట్లో, ఎండిపోతుంది. వెళ్లు. వెళ్లేముందు ఆ బిస్కెట్ల డబ్బా ఇలా జరుపు.