మునసబుగారి పంచె మీద కప్ప

పోలమ్మకి చుక్కలు పెట్టడమంటే మా చెడ్డ విసుగంట. ఏ చుక్కలంటారా? బట్టలుతికేవాళ్ళు ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి మూల మీద నల్లజీడి రసంతో గుర్తు పెడతారు చూడండి, ఆ చుక్కలు. అత్త నేర్పింది అంతే. కానీ ఈవిడ చెయ్యి ఊరుకోదే! చుక్కలు మానేసి బొమ్మలు మొదలెట్టింది. మాసిన బట్టలకి వెళ్ళినప్పుడు ఏ ఇంట్లో ఏది కంటబడితే అది. పెంటమ్మ ఇంట్లో పొదిగే కోడి, కంసాలి ఇంట్లో కొలిమి తిత్తి. గోరంత బొమ్మే అనుకో, కానీ కోడి కింద గుడ్లు కూడా ఉన్నట్టే ఉండేదంట. ఆడవాళ్ళు చీర కట్టుకునే ముందు మూల తిరగేసి చూసుకుని మురిసిపోయేవాళ్ళు.

ఏమైందంటే, మునసబుగారింట్లో నీళ్ళ తొట్టి పక్కన ఎప్పుడూ ఒక బోదురుకప్ప కూర్చుని ఉండేది. దాన్నే ఆయన పంచెల మూలల మీద వేసేసింది. మనసులో ఏ పాపమూ లేదు, నా మాట నమ్మండి. ఆయన ఆ పంచె కట్టి చావిడి అరుగు మీద తగువు తీరుస్తుంటే గాలికి మూల ఎగిరిందంట, ఎదురుగా ఉన్నవాడు కిసుక్కున నవ్వాడంట. పోలమ్మని పిలిపించి, ఏమే, నేను నీకు కప్పలా కనబడుతున్నానా అన్నాడు. లేదు బాబూ, కప్ప మీ ఇంట్లోదే అంది. జనం ఇంకా నవ్వారు. ఆయనకి మండింది. "రేపు పొద్దున్నకి నా పంచెల మీద కప్ప కనబడిందా, రేవులో నీ బండ ఉండదు. ఇకమీదట చుక్కలే పెట్టు. బొమ్మ గీశావో, చేతులు విరగ్గొడతా!"

జీడి మరక పోతుందా? బట్ట చిరిగినా మరక చిరగదు. చౌడు పూసింది, నిమ్మకాయ రుద్దింది, బండకేసి బాదింది. కప్ప కడిగిన మొహంతో ఇంకా నిగనిగలాడిందంట. మొగుడు గురువులు ఊరుకుంటాడా? "నీ బొమ్మలు కూడెడతాయేటే?" అన్నాడు. "చుక్కలు మాత్రం పెట్టాయా మావా?" అంది, కళ్ళొత్తుకుంటూ. బండ పోతే ఇంకో ఊళ్ళో దొరుకుతుందనుకో. బతికినన్నాళ్ళూ చుక్కలేనా అని ఆవిడ దిగులు. ఇసుకలో పుల్లతో కప్పని గీసి కొమ్ములు పెట్టింది, కుదరలేదు. డిప్ప పెట్టింది, తాబేలైంది. తాబేలంటే మాత్రం మునసబు ఊరుకుంటాడా? అంతలో గురువులు ఏట్లో మునిగొచ్చి, జుట్టుముడి విప్పుకుని, గట్టున గొంతుక్కూర్చుని, ఇంత నోరు తెరిచి ఆవలించాడంట. పోలమ్మ చూసింది. "మావా, కదలకు!" "ఏటే, తేలుందా?" "కదలకన్నానా!" ఇసుకలో కప్ప మొహం చుట్టూ జుట్టు గీసింది, వెనక కుచ్చు తోక తగిలించింది. సింహం! రాత్రికి రాత్రే పంచెల మీద కప్పలన్నిటికీ జీడి రసంతో అలాగే జుట్టూ తోకా దిద్దేసింది.

పొద్దున్నే మునసబు పంచె మూల పట్టుకుని ఇటు చూశాడు, అటు చూశాడు. చెయ్యి మెల్లగా మీసం మీదికి పోయిందంట. "నిన్ననే ఇట్టా గీసుంటే ఈ గోలేమిటే? సరే, కండువా మీద ఏదీ?" అన్నాడు. పోలమ్మ వీధిలోకొచ్చి గోడకానుకుని, అమ్మయ్య అని ఇంత ఊపిరి వదిలింది.

మునసబు గద్దించినప్పుడల్లా జనం తల దించుకునేవాళ్ళంట. భయమనుకున్నాడాయన. నవ్వు కనబడకుండా దించుకున్నారని తొట్టి పక్కన కప్పకి తెలుసు. ముసలితనంలో నేను రాత్రిబడికి పోయి అక్షరం దిద్దితే, వంకరపోయింది, తుడిచెయ్యి తాతా అన్నాడు పంతులు. తుడవనని, ఆ వంకరకే ఓ తోక తగిలించాను. పోలమ్మ తుడిచిందా? ఇప్పటికీ నా సంతకం చూడండి, తోకుంటుంది.