మీటర్లో అంకె

ఇంటి వెనక షెడ్డులో పాత కారు బానెట్ ఎత్తి ఉంది. మెకానిక్ లోపలికి టార్చి వేసి చూస్తున్నాడు.

"టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారమ్మా?"

"మార్చనే లేదు బాబూ. లక్ష కిలోమీటర్లకి మార్చాలని మా ఆయన అనేవారు. ఇంకా ఎనభై వేలే కదా?"

"ఏళ్లు కూడా చూడాలమ్మా. నిలబెట్టి ఉంచినా రబ్బరు పగిలిపోతుంది. తెగితే ఇంజనే పోతుంది. ఎన్నాళ్లయింది నడిపి?"

"ఆయన పోయి ఆరేళ్లు. ఆయన ఆపిన అంకె మీటర్లో అలాగే ఉండాలని తాళంచెవి ముట్టుకోలేదు. ఇప్పుడు అమ్మాయికి దూరంగా ఉద్యోగం వచ్చింది, కారు కావాలి."

సాయంత్రానికి కొత్త బెల్టు వేశాడు.

"ఒక రౌండు తిప్పి చూడాలమ్మా. అంకె మారిపోతుంది మరి."

"ఆగు బాబూ, నేనూ పక్కన కూర్చుంటా. ఆయన పోయేటప్పుడు దగ్గర లేను. ఇది మారేటప్పుడైనా ఉండనీ."