సెల్మర్ తాత తోలు తిత్తి

ఆ జీను మీద కూర్చోకు తల్లీ, దానికింకా రంగు ఆరలేదు. ఇటు, ఈ ముక్కాలిపీట మీద కూర్చో. ఆఁ. ఇప్పుడు ఆ తుపాకీ తియ్యి, ఏదీ చూడనీ. ఖాళీ చేసే తెచ్చావు కదా? నువ్వు చేశానన్నా నేను మళ్ళీ చూస్తాను, ఏమీ అనుకోకు. నా కొట్లో అదొక పద్ధతి. పాస్టరుగారు తెచ్చినా ఇంతే. ఊఁ. ఖాళీయే. మంచిది. అయితే ఇది సెల్మర్‌ది కదూ! పిడి మీద ఈ నొక్కు చూడగానే అనుకున్నా. కంచె మేకు కొట్టడానికి సుత్తి దొరక్క దీంతో కొట్టాడు మహానుభావుడు. ఆ సంగతి తెలిసి వారం రోజులు వాడితో మాట్లాడలేదు నేను. మీ తాతని పట్టుకుని వాడూ వీడూ అంటున్నానని అనుకోకు కెండ్రా, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం, నేను ఎనిమిదితో ఆపేశాను, వాడు ఇంకో ఏడాది లాగాడు. అంతే తేడా. దాన్ని కూడా చచ్చేదాకా దెప్పాడు.

ఏమన్నావూ? తుపాకీకి ఒర ఒక్కటి చాలా, అదనపు తూటాలకి తిత్తి కూడా కుట్టించుకోవాలా అనా? ఇది అందరూ అడిగేదే. ధాన్యం గోదాం దగ్గర కాఫీ తాగే ముసలాళ్ళని అడిగావంటే మధ్యాహ్నందాకా వదలరు. ఒకడు 'లోపలున్నవి చాలవా, నువ్వేమైనా యుద్ధానికెళ్తున్నావా' అంటాడు. ఇంకొకడు ఒంటినిండా కట్టుకుని గుమ్మంలో పట్టక అడ్డంగా నడుస్తాడు. నన్నడిగితే, అది ఎక్కువ కాల్చడానికి కాదమ్మా. తూటా అన్నది మనిషి చేసిన వస్తువు. ఒకటి పేలదు. చెమటకీ నూనెకీ మందు చెడుతుంది. మీ వయసువాళ్ళు పెట్టుకునే, పిడిలోకి తూటాల మ్యాగజైన్ దూర్చే పిస్టళ్ళయితే మరీనూ. సీటు బెల్టు నొక్కుకుని మ్యాగజైన్ జారిపోయినా తెలీకుండా ఊరంతా తిరిగొచ్చినవాణ్ణి చూశాను. ఎవడో చెప్పనులే, వాళ్ళావిడ ఇంకా బతికే ఉంది. కారులో స్పేర్ టైరు ఉంటుంది, ఉందని చెప్పి మేకుల మీద తోలతామా? అదీ ఇంతే. కానీ తుపాకీ కట్టుకున్నవాడు చుక్క తాగకూడదు, నోరు జారకూడదు, ఎవరైనా మాటంటే పడి ఊరుకోవాలి. తాగేవాడికి నేను ఒర కుట్టను. కుట్టలేదు కూడా. ఇద్దరు ముగ్గురు వేరే ఊరెళ్ళి కుట్టించుకున్నారు, వెళ్ళనీ.

మీ అమ్మ నవ్విందా? ఏమందీ? 'మా నాన్న చర్చి భోజనాలకి కూడా నడుముకి తిత్తి కట్టుకుని వచ్చేవాడు, బంగాళదుంపలు తిరగబడతాయేమోనని' అనా? జాయిస్ అలాగే అంటుంది. దాని నోరు అచ్చం మర్టిల్ నోరే, మీ అమ్మమ్మది. ముసలయ్యాక వాడికి నీడని చూసినా భయమే అందా? ఊఁ. అందరూ అలాగే అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

అసలు సెల్మర్ తిత్తి కట్టేవాడే కాదు తెలుసా. నా దగ్గరికొచ్చి, ఇదిగో ఇక్కడే నిలబడి గొడవ పెట్టుకునేవాడు. నేను తిత్తి కుట్టి ఇస్తానంటే 'ఒరేయ్ ఆర్విడ్, ఐదు తూటాలతో తీరని గొడవంటూ ఉంటే అది నాది కాదు, షెరీఫ్‌ది. స్పేర్ టైరు నడుముకి కట్టుకుని ప్రార్థనకి నువ్వెళ్ళు, దేవుడు నవ్వుతాడు' అనేవాడు. అప్పుడు మర్టిల్ ట్రక్కులోంచి కేకేసేది, 'ఇంకా తేలలేదా, ఐస్‌క్రీం కరుగుతోంది!' అని. ఏళ్ళ తరబడి ఇదే గొడవ. నాకు వాడూ తగ్గలేదు, వాడికి నేనూ తగ్గలేదు. గడ్డివాములో గిలకపాము కనిపిస్తే ఐదూ కాల్చి ఒక్కటీ తగలక పార పుచ్చుకున్నాడని మర్టిలే చెప్పింది నాకు, నవ్వలేక కళ్ళు తుడుచుకుంటూ. 'ఇప్పుడు కుట్టనా?' అన్నాను. 'పారకి కుట్టు' అన్నాడు.

తర్వాత మర్టిల్ పోయింది. నీకు తెలీదులే, నువ్వింకా పుట్టలేదు, మీ అమ్మ అప్పుడు బిల్లింగ్స్ పట్నంలో ఉద్యోగం చేస్తోంది. మంచు పడకముందే మంచం పట్టింది, మంచు పడ్డాక పోయింది. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికే రెండు రోజులు పట్టింది. జాయిస్ వచ్చి ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళింది. ఇక వాడొక్కడే ఆ పొలంలో. చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని గిన్నెల్లో వండి పంపేవారు, ఆ చికెనూ నూడుల్సూ, అదీ ఇదీ. గిన్నెల అడుగున పేర్లు అతికిస్తారు కదా, ఎవరివి వాళ్ళకి చేరాలని. మామూలుగా ఏ ఇంట్లో చావు జరిగినా ఆ గిన్నెలు తిరిగి రావడానికి ఎండాకాలం రావాలి. సెల్మర్ ఏం చేశాడంటే, ఒక శనివారం గిన్నెలన్నీ తోమి, తుడిచి, పేర్లు చూసి మరీ ఇంటింటికీ తిరిగి ఇచ్చేశాడు. మా ఆవిడ మురిసిపోయింది, 'పాపం చూడు, ఎంత పద్ధతో' అని. నాకు మాత్రం ఏదో గుచ్చుకుంది. పక్క పొలం వాళ్ళ గుంతలు తవ్వే పనిముట్టు ఏనాడు తెచ్చుకున్నాడో, అది కూడా ఇచ్చేశాడని విన్నాను. తీసుకున్నవన్నీ తిరిగిచ్చేస్తున్నాడు. మీ తాత అంత పద్ధతైన మనిషి కాదమ్మా. నా రంపం ఇవ్వనేలేదు వాడు.

ఏం చెప్తున్నానూ? ఆఁ, ఒర. ఆ మర్నాడు కాదు, ఆ తర్వాత, కొట్టు తెరవగానే వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, కానీ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఈ రివాల్వర్ ఒరతో సహా బల్ల మీద పెట్టి, 'కుట్టు ఊడిందిరా, చూడు' అన్నాడు. నావైపు చూడలేదు. సరేనని తీశాను. పద్ధతి ప్రకారం ముందు తూటాల చక్రం తెరిచాను. అందులో ఒక్కటుంది.

ఒక్కటే.

నువ్వు నర్సువి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నాలాంటి వాడు ఐదు నింపి ఇంకో ఐదు తిత్తిలో పెట్టుకుంటాడు, సెల్మర్ లాంటి వాడు ఐదు నింపి చాలంటాడు. ఇద్దరూ భయపడేది బయటివాడి గురించే. ఒక్కటి పెట్టుకున్నవాడు బయట ఎవరి కోసమూ పెట్టుకోలేదు. ఆ తూటా తీసి సొరుగులో తోలు కుట్టే ఆరెల పక్కన పెట్టి, ఒరని దీపం కిందికి తెచ్చి చూశాను. అరిగి తెగిన దారానికి మొన పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తితో కోసిన దారం. సాపుగా. వాడే కోసుకున్నాడు కెండ్రా! ఒర బాగానే ఉంది, నేను కుట్టిందే, ఎందుకు ఊడుతుంది? 'దీన్ని నా దగ్గర్నుంచి తీసెయ్యరా' అని అడగడానికి వాడికి నోరు రాలేదు. అందుకని కుట్టు కోసుకుని తెచ్చాడు.

మా వాళ్ళు అడగరమ్మా. తాతముత్తాతలు నార్వే నుంచి తెచ్చుకున్న జబ్బో, ఈ చలి నేర్పిందో. ఇల్లు తగలబడుతున్నా 'కాస్త నీళ్ళుంటాయా, తొందరేం లేదు' అంటారు. నాకేమో ఓదార్చడం చేతకాదు. 'ఎప్పటికవుతుంది?' అన్నాడు. నిజానికి అది కాఫీ చల్లారేలోపు అయ్యే పని. 'శనివారం రా' అన్నాను.

శనివారం వచ్చాడు. దారం రంగు కలవలేదు, తెప్పించాలి అన్నాను. మళ్ళీ వచ్చాడు. తోలుకి తేమ పట్టింది, ఆరాలి అన్నాను. ఇంకోసారి నా కళ్ళు మసకలు కడుతున్నాయన్నాను. అప్పుడు నా కళ్ళకి గద్ద సరిపోయేది కాదు. చూడూ, ఈ కొట్టు మా నాన్న పెట్టింది. చెప్పిన రోజుకి పని ఇవ్వడం తప్ప మాకింకో ఆస్తి లేదు. ఆర్విడ్ మాటంటే మాట అని చుట్టుపక్కల పేరు. ఆ చలికాలమంతా ఒక్క ఒర విషయంలో అబద్ధం మీద అబద్ధం చెప్పాను, ఊరంతా చూస్తుండగా. 'ఏం ఆర్విడ్, ముసలితనమా?' అని గోదాం దగ్గర నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు. నేను అబద్ధమాడుతున్నానని సెల్మర్‌కి తెలుసు. తెలుసునని నాకూ తెలుసు. ప్రతిసారీ 'ఛీ, ఏం పనివాడివిరా' అని తిట్టి, పొయ్యి పక్కన కూర్చునేవాడు. ఇదే పీట. ఉత్తినే కూర్చోవడమెందుకని వాడి చేతికి దారమిచ్చి మైనం పట్టించమన్నాను. సరిగ్గా చేసేవాడు కాదు. 'ఇది దారమా, పేగా?' అని నేను, 'నీ కాఫీ కన్నా నయమే' అని వాడు. మధ్యాహ్నానికి మా ఆవిడ ఇద్దరికీ రొట్టె పంపేది. మొదట్లో ముట్టుకునేవాడు కాదు. తర్వాత అంచులు తినేవాడు. పోనుపోను నా వాటాలోది కూడా తినేసి, ఆవాలపచ్చడి తక్కువైందని మా ఆవిడ మీద నాకు ఫిర్యాదు చేసేవాడు. మర్టిల్ గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు మేము. ఒకసారి మాత్రం దారం వైపు చూస్తూ, 'రాత్రిళ్ళు ఆ ఇంట్లో గడియారం చప్పుడు మరీ ఎక్కువగా ఉందిరా' అన్నాడు. 'ఇక్కడ తగిలిద్దాం, పట్రా' అన్నాను. అదిగో, ఆ గోడ మీదున్నది. మీ అమ్మమ్మదే. పది నిమిషాలు వెనక నడుస్తుంది, వాడు సరిచెయ్యనివ్వలేదు.

మంచు కరిగే రోజుల్లో ఒక పొద్దున తలుపు దభాలున తెరుచుకుంది. ముందు కంపొచ్చింది, వెనకాల మీ తాత వచ్చాడు. స్కంక్ కంపు, పిల్లంత జంతువు చిమ్మితే ఊళ్ళోకి పాకే కంపు! ఎవడో కళ్ళేలు కొనుక్కోవడానికి వచ్చి నిలబడ్డాడు, పాపం ముక్కు మూసుకుని అటు నుంచి అటే పారిపోయాడు. 'నా తుపాకీ ఏదిరా దొంగా!' అని అరుస్తున్నాడు సెల్మర్. 'పట్టపగలు, నడిపెరట్లో, పిచ్చెక్కిన స్కంక్! తూలుతూ నురగలు కక్కుతూ మీదికొచ్చింది. నా చేతిలో ఏముంది? గుడ్లబుట్ట! గుడ్లతో కొట్టానురా దాన్ని! ఉన్న గుడ్లన్నీ అయిపోయాయి! పక్క పొలం వాడొచ్చి కాల్చేదాకా కోళ్ళగూటి మీదెక్కి కూర్చున్నాను, ఈ వయసులో! అది కరిచుంటే ఏమయ్యేది? నేను చచ్చిపోయేవాణ్ణి, తెలుసా నీకు? చచ్చిపోయేవాణ్ణిరా!'

అన్నాడు, ఆగిపోయాడు. తను అన్నమాట తనకే వినిపించింది. గోడ మీద ఆ గడియారం కొట్టుకుంటోంది. మెల్లిగా వచ్చి పీట మీద కూలబడ్డాడు. ముందు నవ్వో ఏడుపో తెలీలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను, ఆ కంపులో. వాడి వీపు మీద చెయ్యి వేశాను. అంతకు ముందెప్పుడూ వెయ్యలేదు, పెళ్ళిళ్ళలో కూడా. 'గుడ్లు కూడా అదనంగా ఉండాల్సిందిరా' అన్నాను. అప్పుడు తెలిసింది, నవ్వేనని.

అయినా తుపాకీ ఇవ్వలేదు. ఒక్క పూట కోపం చూసి ఇచ్చేసే మనిషిని కాను. రోజూ వస్తూనే ఉన్నాడు. చెట్లు చిగురేశాక ఒకనాడు తలుపు దగ్గరే నిలబడి, టోపీ చేతిలో తిప్పుతూ, 'ఆర్విడ్, దారి ఇంకా చాలా ఉందేమో అనిపిస్తోంది. ఆ స్పేర్ టైరేదో నాకూ ఒకటి కుట్టు' అన్నాడు.

ఇన్నేళ్ళు పోట్లాడినవాడు! గెలిచానన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. వాడి ఎదుటే తోలు కోశాను, వాడి ఎదుటే కుట్టాను. నా జన్మలో అంత చక్కటి కుట్టు మళ్ళీ పడలేదు. కొత్త తూటాల పెట్టె తెచ్చుకున్నాడు. చక్రంలో ఐదు, తిత్తిలో ఐదు పెడుతుంటే, దొంగచాటుగా కాదు, తేరిపార చూశాను. అంతా పెట్టాక 'అందులో ముందున్నది...' అన్నాడు. 'ఏది?' అన్నాను. తిత్తి మూత నొక్కి, 'ఏం లేదులే' అన్నాడు. అంతే. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఆ ఊసు లేదు.

అందుకని, భయం కాదమ్మా అది. బంగాళదుంపల కోసమూ కాదు. చర్చి భోజనాల్లో బల్ల అవతల కూర్చుని, నా కళ్ళు వాడి మీద పడేదాకా చూసి, నడుము మీద తిత్తిని ఇలా తట్టేవాడు, రెండుసార్లు. ఉన్నానురా అని. నువ్వు పుట్టిన ఏడు నిన్ను ఒక చంకనేసుకుని, రెండో చేత్తో తట్టాడు. నువ్వు ఆ తిత్తి మూత నోట్లో పెట్టుకుని నమిలేశావు. ఏదీ, ఆ పాత తిత్తి కూడా తెచ్చావా? ఇటియ్యి. ఇదిగో, చూడు, నీ పళ్ళ గాట్లు. కొత్తది కుట్టనక్కర్లేదు, నూనె పట్టిస్తే ఇదే పనికొస్తుంది.

మీ అమ్మకి చెప్తావో లేదో నీ ఇష్టం. చెప్పాలనే అంటాను. కానీ ఒక్కమాట విను. నువ్వు సూది మందులివ్వడానికి వెళ్ళేది ఆ ఒంటరి కొంపలకే కదా. గిన్నెలు తోమి తిరిగిచ్చేస్తున్న మనిషి కనిపిస్తే, డాక్టరుకి చెప్పు, నీ చదువులో ఏం నేర్పారో అది చెయ్యి. దాంతో పాటు, నీ ఒర కుట్టు ఊడేలా ఉంది తాతా, ఆర్విడ్ దగ్గర ఇచ్చిరా అను. పంపు. చెప్పిన రోజుకి మాత్రం ఇవ్వను.

ఏమిటలా చూస్తావ్? లే, చెయ్యెత్తు, నీ ఒర బెల్టుకి నడుము కొలవాలి. కోటు విప్పు ముందు.