నిద్రపోతూ కనబడాలి

చర్చి వాకిట్లో నాలుగు నెలలుగా పడుకుంటున్న ముసలాయన, ఇల్లు లేనివాళ్లకు ఇళ్లిచ్చే కౌన్సిల్ ఆఫీసు తెరవగానే దుప్పటి చంకన పెట్టుకుని కిటికీ వెనకున్న గుమాస్తా అమ్మాయి ముందు నిలబడ్డాడు.

"మీరు బయట పడుకుంటున్నట్టు రుజువు లేదు పెద్దాయనా. మావాళ్లు మూడుసార్లు వచ్చి చూశారు. మూడుసార్లూ మెలకువగానే ఉన్నారట."

"చలికి పళ్లు టకటకలాడుతుంటే నిద్రెలా పడుతుంది తల్లీ? పైగా మొహం మీద టార్చి వేస్తిరి!"

"రూలు రూలే. మావాళ్ల కంటికి మీరు నిద్రపోతూ కనబడాలి."

"మూడోసారి గురక కూడా పెట్టానే!"

"అదీ రాశారు. టీ కావాలా అంటే గురక మధ్యలోనే 'రెండు చెంచాల చక్కెర' అన్నారట."

"టీ అంటే చచ్చినవాడైనా లేస్తాడు!"

"సర్లెండి, అక్కడ కూర్చోండి. మా పైఆయన్ని అడిగొస్తాను."

హీటరు పక్క కుర్చీ వెచ్చగా ఉంది. ఎప్పుడు కన్నంటుకుందో అతనికే తెలియదు.

"పెద్దాయనా, లేవండి! ఎంత గాఢంగా నిద్రపోయారో!"

"చూశావుగా? ఇక రాసెయ్యి తల్లీ!"

"ఎలా రాయనూ? ఇక్కడ మీ నెత్తిన కప్పు ఉందాయె!"

ముసలాయన తలెత్తి ఆ కప్పును ఈ మూల నుంచి ఆ మూల దాకా తీరిగ్గా చూశాడు.

"అయితే ఇదే ఇప్పించు. నిద్ర బాగానే పట్టింది."