నేరుగా పోవాల్సిన కాలవ

చెప్పులు ఇప్పబాకు నాయనా, అట్లే రా. ఇప్పితే ఆ బురదలో కాలు పెట్టాల. అప్పుడే ముక్కు మూసుకుంటాండావే, వానలు మొదలైనప్పట్నుంచి మేం ఈ కంపులోనే అన్నం తింటాండాం.

కొత్త ఇంజనీరు నువ్వేనా? ముందరాయన మారిపోయినాడా? పోతాడులే. సున్నంతో గీత గీసి పోయినాడు. దాని మీద ఎవురు మన్ను తోసినారో చూసేదానికి ఉండాల గదా.

ఈ వీధికి సిమెంటు రోడ్డు, పక్కన కాలవ అని పోయినేడు కాలనీ సంఘం మీటింగు పెట్టినారు. ప్రెసిడెంటు అమర్‌నాథ్. అదో, మా పక్కన పోర్టికో ఉండే మిద్ది ఆయప్పదే. తిరపతంతా జన్మభూమని రోడ్లేస్తాండారు, మనం ఏంటికి వెనకబడాల అన్నాడు. మిద్ది మీద కుర్చీలేసి బోండాలు పెట్టినాడు. గీత దాటిన మెట్లు, తిన్నెలు, గోడలు ఎవురివి వాళ్లు కొట్టేసుకుంటే కాలవ నేరుగా పోతాదని మీ ముందరాయన చెప్పినాడు. అందరూ చప్పట్లు. అమర్‌నాథ్ అందరికంటే గట్టిగా కొట్టినాడు. 

మా ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసినాడు. వంకరంటే పడదు. తెల్లారేసరికి గడ్డపార ఎత్తుకున్నాడు. కొంచెం తాళు, మిగిలినోళ్లు కూడా మొదలు పెట్టనీ అన్నాను.

'ఎవురో ఒకరు ముందు నిలబడితేనే గదా వరస వచ్చేది' అన్నాడు.

మా తిన్నెకు కడప బండలు, ఎండాకాలం గూడా చల్లగుండేవి. సాయంత్రమైతే వీధిలో ఆడోళ్లంతా ఆడనే కూర్చోని పూలు కట్టుకునేవాళ్లు. దాన్ని ముక్కలు చేసినాడు. మెట్లు పడగొట్టినాడు. దిగేదానికి వాకిలి ముందర ఒక చెక్క పలక వేసినాడు.

ఇంకెవురన్నా కొట్టినారనుకుంటివా? ఒకరు వాస్తు అన్నారు, ఒకరు ఆషాఢం అన్నారు. మూలింటి మునిరామయ్య, ముందు ప్రెసిడెంటు పోర్టికో పడనీ, తర్వాత నా గోడ అన్నాడు. ప్రెసిడెంటు ఏంటికి కొడతాడు? ఎవురి కాళ్లు పట్టుకున్నాడో ఏమో, ఈ ఏడు వానలకు ముందర కాలవ తవ్వుకుంటా వచ్చిన పనోళ్లు ఆయప్ప పోర్టికో కాడ గమ్మున ఆపేసి పోయినారు. పై వీధుల మురుగంతా వచ్చి మా వాకిట్లో నిలబడుకోనుండాది.

ఈయన పోయి అమర్‌నాథ్‌ను అడిగినాడు. మీరే మాకు ఆదర్శం సార్ అని కాఫీ ఇచ్చి పంపినాడంట. ఈయనా తాగి వచ్చినాడు.

ఆ వారమే వాన. పలక నాని జారింది. ఈయన కాలవలో పడినాడు. తుంటి ఎముక. పుత్తూరుకు ఎత్తుకోని పోయి కట్టు కట్టించినాం. ఎముక అతుక్కుంటాది గాని, ఈ వయసులో నడక సంగతి చెప్పలేమన్నారు.

మొన్న సంఘమోళ్లంతా వచ్చినారు. ఆపిల్ పండ్లు, ఒక శాలువ. రోడ్డు ప్రారంభం పెట్టుకుంటాండారంట, సుబ్రమణ్యం సార్ త్యాగమని ఈయన గురించి మైకులో మాట్లాడతారంట. శాలువ ఈడనే నా చేతికిచ్చినాడు అమర్‌నాథ్. నేను దాన్ని ఆ మురుగులోకి వదిలేసినా. అది మునిగేదాకా చూసినాడు. చూసి, 'పాపం, అమ్మకు మనసు బాగలేదు' అన్నాడు. పంచె తడవకుండా ఎత్తుకోని పోయినాడు.

టేపు తీస్తాండావా? తియ్యి, కొలుచుకో. మీరు కొలిచేదానికి నేనేం అడ్డం రాను.

అదో, నీ గొంతు విని పిలస్తాండాడు. లోపలికి పో. ఆ మంచం మీద నుంచి ఆయనకు వీధి కనపడదు. కాలవ యాడిదాకా వచ్చిందని అడుగుతాడు, రోజూ అదే అడుగుతాడు. అమర్‌నాథ్ మనసు మార్చుకోని పోర్టికో కొట్టేసినాడు, కాలవ నేరుగా పోయిందని చెప్పేసినా. మరి వాసనేంది అన్నాడు. కొత్త కాలవ, మొదట్లో అట్లనే ఉంటాదన్నా.

నువ్వూ ఆ మాట మీదే ఉండు నాయనా. మీ ఆఫీసోళ్లకు అదేం కష్టం కాదులే.